గిటారు సాధన – సంగీతశాస్త్రం

పాఠ్యభాగ నేపథ్యం

భారతీయ సంగీత సంప్రదాయంలో 'లక్ష్యం', 'లక్షణం' అనే రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. పాడేది, వాయించేది లక్ష్యం. పాడినదానిని, వాయించినదానిని పరిశీలించి సూత్రాలుగా చెప్పేది లక్షణం. ఈ రెండింటిలో ఏది ముఖ్యమనే చర్చ ప్రాచీనకాలం నుండి ఉంది. నేటి యువతరం అభిమానించే గిటారును ఆధారంగా చేసుకొని, వాద్యసాధనకు శాస్త్రజ్ఞానం ఏ విధంగా తోడ్పడుతుందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గిటారు కొత్తగా నేర్చుకొన్న విద్యార్థి ఒకడు కళాశాల వార్షికోత్సవంలో ఒక పాటకు వాద్యసహకారం అందించడానికి అంగీకరించాడనుకోవచ్చు. ఏకకాలంలో మోగించే స్వరసమూహాన్ని గిటారు వాద్యకారులు కార్డ్ అంటారు. ఆ పాటకు కావలసిన కార్డ్‌లు నాలుగు: సి, ఎ మైనర్, ఎఫ్, జి. ఏ తీగపై ఏ వేలు ఉంచాలో సూచించే బొమ్మలు చూసి, నెల రోజులు శ్రమించి, అతడు ఆ నాలుగింటినీ చేతికి అలవాటు చేసుకొన్నాడు. తీరా అభ్యాసానికి కూర్చున్నప్పుడు పాడవలసిన విద్యార్థిని, "ఇది నా గొంతుకు తక్కువ శ్రుతి. ఒకటో శ్రుతిలో కాక రెండో శ్రుతిలో వాయించగలవా?" అని అడిగింది. అతని చేతులు ఆగిపోయాయి. నెల రోజుల శ్రమ ఒక్క ప్రశ్నతో నిరుపయోగమైంది.

అతనిలో లోపించినది శ్రద్ధ కాదు, వేళ్ళ చురుకుదనమూ కాదు. తాను వాయిస్తున్నది ఏమిటో అతనికి తెలియదు. చేతికి తెలిసిన విద్య బుద్ధికి తెలియకపోవడమే అతని ఇబ్బందికి మూలం. భాష మాట్లాడేవారందరికీ వ్యాకరణం రానట్లే, వాద్యం మోగించేవారందరికీ శాస్త్రం రాదు. అయినా మాట్లాడగలరు, మోగించగలరు. అలవాటైన దారి మూసుకుపోయినప్పుడే శాస్త్రం అవసరమేమిటో తెలిసివస్తుంది.

సంగీతశాస్త్రం అనగానే దుర్గ్రాహ్యమైన గ్రంథాలు, కంఠస్థం చేయవలసిన పట్టికలు గుర్తుకు వచ్చి విద్యార్థులు జంకుతారు. కాని గిటారు నేర్చుకొనేవారి విషయంలో శాస్త్రం ఎక్కడో గ్రంథాలలో దాగి లేదు. అది వారి ఎడమచేతి క్రిందనే పరచుకొని ఉంది. గిటారు మెడపై అడ్డంగా అమర్చిన లోహపు కడ్డీలను ఆంగ్లంలో ఫ్రెట్లు అంటారు. వీణ విషయంలో తెలుగువారు వీటినే మెట్లు అంటారు. ఒక తీగను ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే ధ్వనిని షడ్జంగా గ్రహిస్తే, మొదటి మెట్టు వద్ద శుద్ధ రిషభం, రెండవ మెట్టు వద్ద చతుశ్శ్రుతి రిషభం, మూడవదాని వద్ద సాధారణ గాంధారం, నాలుగవదాని వద్ద అంతర గాంధారం, ఐదవదాని వద్ద శుద్ధ మధ్యమం, ఏడవదాని వద్ద పంచమం పలుకుతాయి. పన్నెండవ మెట్టు చేరేసరికి తారాషడ్జం వినిపిస్తుంది. కర్ణాటక సంగీతంలోని పన్నెండు స్వరస్థానాలు, పాశ్చాత్య సంగీతంలోని పన్నెండు అర్ధస్వరాలు ఈ విధంగా ఒకే తీగపై వరుసగా నిలిచి ఉన్నాయి.

ఈ మెట్ల అమరికలో ఒక గణితసూత్రం ఉంది. ఇటలీలో వీణను పోలిన ల్యూట్ వాద్యంలో నిపుణుడైన విన్సెంజో గెలీలీ 1581లో ప్రకటించిన సంగీత గ్రంథంలో ఈ సూత్రాన్ని వివరించాడు. ఖగోళశాస్త్రవేత్త గెలీలియో ఈయన కుమారుడే. తీగ పొడవును పద్దెనిమిది భాగాలు చేసి, ఒక భాగం విడిచి మొదటి మెట్టును అమర్చాలి. మిగిలిన పొడవును మళ్ళీ పద్దెనిమిది భాగాలు చేసి రెండవ మెట్టును అమర్చాలి. ఇట్లే కడవరకు చేయాలి. నేటి గిటారు తయారీదారులు పద్దెనిమిదికి బదులు 17.817 అనే మరింత కచ్చితమైన సంఖ్యను వాడుతారు. క్లాసికల్ గిటారులో సాధారణంగా తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. దాని మొదటి మెట్టు సుమారు 36.5 మిల్లీమీటర్ల దూరంలో వస్తుంది. పన్నెండవ మెట్టు సరిగ్గా సగంలో, అంటే 325 మిల్లీమీటర్ల వద్ద వస్తుంది. తీగ సగమైతే ధ్వని పౌనఃపున్యం రెట్టింపవుతుంది. అదే తారాషడ్జం. పైకి వెళ్ళేకొద్దీ మెట్లు దగ్గర దగ్గరగా ఉండడానికి కారణం ఈ లెక్కే.

దక్షిణభారతంలో కూడా స్వరశాస్త్రం మెట్ల వాద్యాన్ని ఆశ్రయించే పెరిగింది. 17వ శతాబ్దంలో, తెలుగు సాహిత్యాన్ని పోషించిన తంజావూరు నాయకరాజుల ఆశ్రయంలో, వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక' అనే లక్షణగ్రంథాన్ని రచించాడు. డెబ్బై రెండు మేళకర్తల పద్ధతి ఆ గ్రంథంలో కనిపిస్తుంది. ఆ గ్రంథంలో మొదటి ప్రకరణం వీణకు సంబంధించినది. లక్షణం చెప్పదలచిన పండితుడు ముందుగా మెట్ల వాద్యాన్ని చేతికి తీసుకోవడం గమనించదగిన విషయం. వాద్యం వేరు, శాస్త్రం వేరు అనే భావం ఆనాటి పెద్దలకు లేదు.

ఇక గిటారు తీగల అమరికను పరిశీలిస్తే మరొక విశేషం బోధపడుతుంది. గిటారుకు ఆరు తీగలు. మందంగా ఉండే ఆరవ తీగ నుండి సన్నని మొదటి తీగ వరకు వాటిని ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. ప్రతి తీగా తన ముందున్న తీగకు శుద్ధ మధ్యమం. అంటే ఒక తీగ ఐదవ మెట్టుపై నొక్కితే వచ్చే ధ్వని, తరువాతి తీగను నొక్కకుండా మీటితే వచ్చే ధ్వని ఒక్కటే. ఈ నియమానికి ఒకేచోట మినహాయింపు ఉంది. మూడవ తీగకు రెండవ తీగ అంతర గాంధారం. అక్కడ నాలుగవ మెట్టుపై నొక్కాలి. ఈ ఒక్క సంగతి తెలియనివారికి, ఒక తీగలజంటపై కుదిరిన వేళ్ళ అమరిక మరొక జంటపై ఎందుకు అపస్వరం పలుకుతుందో ఎన్నాళ్ళు సాధన చేసినా అర్థం కాదు. తెలిసినవారికి అది ఒక నిమిషంలో తేలే విషయం.

గిటారుపై ఒకే స్వరం పలుచోట్ల లభిస్తుంది. పియానోపై మధ్యస్థాయి 'సి' స్వరానికి ఒకే మెట్టు. గిటారుపై అదే స్వరం రెండవ తీగ మొదటి మెట్టు వద్ద, మూడవ తీగ ఐదవ మెట్టు వద్ద, నాలుగవ తీగ పదవ మెట్టు వద్ద కూడా పలుకుతుంది. ఒకే ఊరికి మూడు దారులున్నట్లు, ఈ మూడింటిలో దేనిని ఎన్నుకోవాలో ముందు వెనుకల స్వరాలను బట్టి వాద్యకారుడే నిర్ణయించుకోవాలి. బొమ్మ చూసి వేలు ఉంచేవారికి ఒక్క దారే తెలుస్తుంది. స్వరం పేరు తెలిసినవారికి మూడు దారులూ కనిపిస్తాయి.

కార్డ్‌ల నిర్మాణం కూడా ఇంతే సులభంగా బోధపడుతుంది. ఇరవైతొమ్మిదవ మేళమైన ధీరశంకరాభరణంలోని స్వరస్థానాలే పాశ్చాత్యుల మేజర్ స్కేలు. ఒక తీగపై దానిని వాయించాలంటే 2, 4, 5, 7, 9, 11, 12 సంఖ్యల మెట్లను వరుసగా నొక్కితే చాలు. ఇందులోని షడ్జం, అంతర గాంధారం, పంచమం కలిపి మోగిస్తే మేజర్ కార్డ్ అవుతుంది. అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం చేరిస్తే మైనర్ కార్డ్ అవుతుంది. గిటారుపై 'ఎ' మేజర్ పట్టి, రెండవ తీగపై ఉన్న వేలిని రెండవ మెట్టు నుండి మొదటి మెట్టుకు జరిపితే 'ఎ' మైనర్ వస్తుంది. తక్కిన తీగలలో మార్పు లేదు. ఒక గాంధారం అర్ధస్వరం దిగగానే, ప్రసన్నంగా ఉన్న నాదంలో విషాదచ్ఛాయ అలుముకొంటుంది. వేళ్ళ బొమ్మలను వేరువేరుగా వల్లించే విద్యార్థికి ఇవి రెండు పాఠాలు. శాస్త్రం తెలిసినవాడికి ఒకే పాఠంలోని చిన్న మార్పు.

ఇప్పుడు పై విద్యార్థి సమస్యకు సమాధానం దొరుకుతుంది. అతడు నేర్చిన నాలుగు కార్డ్‌లు నాలుగు బొమ్మలుగా కాక, ఒక స్వరక్రమంలోని నాలుగు స్థానాలుగా తెలిసి ఉంటే సరిపోయేది. 'సి' షడ్జమైతే 'ఎ' ధైవతం, 'ఎఫ్' మధ్యమం, 'జి' పంచమం. పాటకు ఆధారం షడ్జం, ధైవతం, మధ్యమం, పంచమం అనే ఈ క్రమమే. రెండో శ్రుతిలో షడ్జం 'డి' అవుతుంది. అప్పుడు ధైవతం 'బి', మధ్యమం 'జి', పంచమం 'ఎ' అవుతాయి. కావున కొత్త కార్డ్‌లు డి, బి మైనర్, జి, ఎ. ధైవతంపై నిలిచే కార్డ్ మైనర్ కావడం, తక్కిన మూడూ మేజర్ కావడం ఏ శ్రుతిలోనైనా మారదు. ఈ మాత్రం తెలిస్తే పన్నెండు శ్రుతులలోనూ ఆ పాటను వాయించవచ్చు. మెడకు బిగించే కేపో అనే సాధనం వాడి శ్రుతిని పెంచుకోవచ్చుననేది నిజమే. కాని దానిని ఏ మెట్టుపై బిగించాలో నిర్ణయించడానికైనా ఈ లెక్కే కావాలి. పాడేవారు శ్రుతిని కొద్దిగా తగ్గించమని కోరితే పాత బొమ్మలతో కేపో ఆదుకోలేదు.

గిటారు చరిత్రలో ఈ సత్యాన్ని గుర్తించి బోధించినవారిలో స్పెయిన్ దేశీయుడు ఫెర్నాండో సోర్ ముఖ్యుడు. 1778లో బార్సెలోనాలో జన్మించిన ఆయన మోన్సెర్రాట్ మఠంలోని గాయక పాఠశాలలో సంగీతశిక్షణ పొందాడు. ఆయన 1830లో పారిస్‌లో ప్రకటించిన గిటారు బోధనగ్రంథంలో వేళ్ళ కదలికలను స్వరాంతరాల నుండి, ముఖ్యంగా గాంధార, ధైవత దూరాలలో జంటగా పలికే స్వరాల నుండి వివరించాడు. ఏ వేలు ఎక్కడ ఉంచాలనే ప్రశ్నకు ఆయన సమాధానం ఏ స్వరం కావాలనే ప్రశ్నతో మొదలవుతుంది. నేటికీ ఆయన అభ్యాసకృతులను ప్రపంచమంతటా గిటారు విద్యార్థులు సాధన చేస్తున్నారు.

అయితే ఇక్కడ ఒక ఆక్షేపణ రాక తప్పదు. శాస్త్రం చదువకుండానే మహావాద్యకారులైనవారు లేరా? ఉన్నారు. 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు దెబ్బతిన్నా, మిగిలిన వేళ్ళతో యూరప్‌ను సమ్మోహపరచిన జాజ్ వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్‌కు స్వరలిపి చదవడం రాదు. అమెరికాలోని ఇండియానాపొలిస్‌కు చెందిన వెస్ మాంట్‌గొమరీ కూడా స్వరలిపి ఎరుగడు. చార్లీ క్రిస్టియన్ అనే వాద్యకారుని రికార్డులు విని, ఆ వాదనను స్వరం తప్పకుండా అనుకరిస్తూ ఆయన విద్య నేర్చాడు. వీరి ఉదాహరణలు చూపి శాస్త్రం అనవసరమని వాదించడం సులభం. కాని స్వరలిపి వేరు, శాస్త్రజ్ఞానం వేరు. లిపి రానివాడు భాష రానివాడు కాడు. ఏ స్వరం తరువాత ఏ స్వరం రావాలో, ఏ కార్డ్‌పై ఏ స్వరం నిలుస్తుందో ఆ మహనీయుల చెవులకు తెలుసు. గ్రంథం ద్వారా కొందరు చేరే చోటికి వారు వినికిడి ద్వారా, అనేక సంవత్సరాల కఠోరశ్రమతో చేరారు. అంతటి చెవి, అంతటి అవకాశం అందరికీ లభించవు. శాస్త్రం సామాన్య సాధకునికి ఆ దూరాన్ని తగ్గిస్తుంది.

అనుభవం ఎంత ఉన్నా శాస్త్రం కోసం తిరిగి విద్యార్థి అయినవారు మన కాలంలోనే ఉన్నారు. తెలుగు శ్రోతలకు సుపరిచితుడైన ఇళయరాజా తమిళనాడులోని పణ్ణైపురం గ్రామంలో 1943లో జన్మించాడు. యుక్తవయస్సులో అన్న పావలర్ వరదరాజన్ సంగీతబృందంతో ఊరూరా తిరుగుతూ ఎన్నో సంవత్సరాలు ప్రదర్శనలిచ్చాడు. ఆ అనుభవంతోనే తృప్తిపడి ఉండవచ్చు. కాని 1968లో మద్రాసు చేరి, ధన్‌రాజ్ మాస్టారు వద్ద పాశ్చాత్య సంగీతశాస్త్రాన్ని, స్వరలిపిని మొదటి నుండి అభ్యసించాడు. లండన్ ట్రినిటీ కళాశాల నిర్వహించే క్లాసికల్ గిటారు పరీక్షలో స్వర్ణపతకం సాధించాడు. చిత్రసంగీత బృందాలలో గిటారు వాయిస్తూ జీవించిన ఆ యువకుడే 1976లో 'అన్నక్కిళి' తమిళచిత్రంతో సంగీతదర్శకుడయ్యాడు. 'సాగర సంగమం' (1983), 'రుద్రవీణ' (1988) తెలుగు చిత్రాలకు జాతీయ పురస్కారాలు అందుకొన్నాడు. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీని ప్రదర్శింపజేశాడు. వాద్యబృందంలోని ప్రతి వాద్యానికీ వాయించవలసినదానిని స్వరలిపిలో తానే వ్రాసి ఇవ్వగల శక్తి ఆయనకు ఆనాటి శాస్త్రాభ్యాసం వల్ల లభించింది. పల్లెపాట నుండి వచ్చిన సహజ ప్రతిభను శాస్త్రం అణచివేయలేదు. అది ప్రసరించడానికి విశాలమైన దారిని ఏర్పరచింది.

శాస్త్రానికి హద్దులు కూడా ఉన్నాయి. మెట్టు స్వరస్థానాన్ని చూపగలదు కాని స్వరంలోని ప్రాణాన్ని చూపలేదు. గమకం పట్టికలలో ఇమడదు. తీగను ఎంత లాగాలో, ఎక్కడ విడవాలో చెవి మాత్రమే చెప్పగలదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్, గిటారు వలెనే మెట్లు గల మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి లోకప్రసిద్ధుడైన సంగతి తెలిసినదే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవాడు, శిష్యుడు ఆ పాటను తీగలపై వెదకి పట్టుకొనేవాడు. గొంతులోని స్వరం చెవిలోకి, చెవి నుండి వేలికొనకు ప్రయాణించడమే ఆ శిక్షణ. శాస్త్రం కూడా ఈ దారినే వేలిని చేరాలి. కాగితంపై మిగిలిపోయిన శాస్త్రం వాద్యకారునికి బరువు మాత్రమే.

అందువల్ల సాధకుడు శాస్త్రాన్ని వేరే పాఠంగా భావించక, నిత్యసాధనలోనే కలుపుకోవాలి. ఒకే తీగపై సప్తస్వరాలను పేర్లు పలుకుతూ, పాడుతూ వాయించడం మొదటి మెట్టు. ఒక స్వరాన్ని ఎన్నుకొని మెడపై అది దొరికే చోట్లన్నీ వెదకడం రెండవది. కొత్త కార్డ్ నేర్చినప్పుడు అందులోని షడ్జ గాంధార పంచమాలు ఏ తీగలపై ఉన్నాయో గుర్తించడం మూడవది. తెలిసిన పాటనే మరొక శ్రుతిలో వాయించడం నాలుగవది. రోజుకు పదిహేను నిమిషాలు ఇందుకు కేటాయించినా కొద్ది నెలలలో మెడ అంతా పరిచితమైన వీధివలె కనిపిస్తుంది. తప్పిపోతామనే భయం ఉండదు.

వార్షికోత్సవం నాటికి ఆ విద్యార్థి రెండో శ్రుతిలో వాయించగలిగాడా లేదా అన్నది ప్రధానం కాదు. తోటి విద్యార్థిని అడిగిన ప్రశ్న అతనికి తన లోపాన్ని చూపింది. దానిని అవమానంగా తీసుకొంటే గిటారు మూలన పడుతుంది. పాఠంగా తీసుకొంటే ఆ నాలుగు కార్డ్‌లే పన్నెండు శ్రుతులకు ద్వారాలవుతాయి. లక్ష్యలక్షణాలు రెండు చేతులవంటివి. గిటారు మోగాలంటే ఒక చేయి మీటాలి, ఒక చేయి నొక్కాలి.

కఠిన పదాలు – అర్థాలు

దుర్గ్రాహ్యం – సులభంగా గ్రహించ శక్యం కానిది
నిరుపయోగం – ఉపయోగం లేనిది
పౌనఃపున్యం – ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
స్వరాంతరం – రెండు స్వరాల మధ్య దూరం
స్వరలిపి – స్వరాలను వ్రాసి చూపే పద్ధతి
ఆక్షేపణ – అభ్యంతరం
గమకం – స్వరాన్ని కదిలించి పలికించే తీరు
సమ్మోహపరచు – మిక్కిలి ఆకర్షించు

అభ్యాసం

I. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గిటారు మెట్లకు, స్వరస్థానాలకు గల సంబంధాన్ని వివరించండి.
2. శాస్త్రం చదువకుండానే గొప్ప వాద్యకారులైనవారి ఉదాహరణలను ఈ పాఠం ఏ విధంగా సమన్వయించింది?

II. లఘు సమాధాన ప్రశ్నలు
1. లక్ష్యం, లక్షణం అంటే ఏమిటి?
2. విన్సెంజో గెలీలీ వివరించిన సూత్రం ఏది?
3. మేజర్, మైనర్ కార్డ్‌ల మధ్య భేదం ఏమిటి?
4. ఇళయరాజా శాస్త్రాభ్యాసం గురించి వ్రాయండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. లిపి రానివాడు భాష రానివాడు కాడు.
2. కాగితంపై మిగిలిపోయిన శాస్త్రం వాద్యకారునికి బరువు మాత్రమే.

IV. సంధులు
శాస్త్రాభ్యాసం = శాస్త్ర + అభ్యాసం – సవర్ణదీర్ఘ సంధి
స్వరాంతరం = స్వర + అంతరం – సవర్ణదీర్ఘ సంధి
అంగీకరించాడనుకోవచ్చు = అంగీకరించాడు + అనుకోవచ్చు – ఉత్వ సంధి

V. సమాసాలు
లక్ష్యలక్షణాలు = లక్ష్యమును, లక్షణమును – ద్వంద్వ సమాసం
సప్తస్వరాలు = ఏడు సంఖ్య గల స్వరాలు – ద్విగు సమాసం
వేలికొన = వేలి యొక్క కొన – షష్ఠీ తత్పురుష సమాసం